పెళ్ళికారుకు కొబ్బరినూనె

జనవరి నెలాఖరు శుక్రవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా మరిది నా కారు మీద కొబ్బరినూనె సీసా వంచారు. సమయం ఎందుకు గుర్తుందంటే, సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి వరండాలోకి వచ్చేసరికి సగం బానెట్ అయిపోయింది.

మరిది అంటే మా చెల్లెలి భర్త. మర్నాడు ఉయ్యూరులో వాళ్ళ మనవరాలి పెళ్ళి. చెల్లెలు వారం ముందే కూతురింటికి వెళ్ళిపోయి, ఈయనను బెజవాడలో నాకు అప్పగించింది. "అక్కా, నువ్వు కారులో వచ్చేటప్పుడు తీసుకురా. ముందే వస్తే పందిరి వాళ్ళకి పనులు చెప్పి పాడుచేస్తారు" అంది. పందిరి బతికిపోయింది.

కారు తెల్లది. నేను లెక్కల టీచరుగా రిటైరైన ఏడాది కొన్నాను, పద్నాలుగేళ్ళయింది. ఇప్పటికీ నేనే నడుపుతాను. మా కుటుంబంలో ముగ్గురు పెళ్ళికూతుళ్ళు ఈ కారులోనే చర్చికి వెళ్ళారు. మూడుసార్లూ నడిపింది నేనే. రెండో పెళ్ళినాడు, ఇప్పుడు పెళ్ళికూతురైన ఈ పిల్ల నా పక్క సీట్లో పూలబుట్ట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది, అప్పటికి దానికి పన్నెండేళ్ళు. "పెద్దమ్మమ్మా, నా పెళ్ళికి కూడా నన్ను నువ్వే తీసుకెళ్ళాలి" అంది. సరేనన్నాను. ఆ మాట పిల్లా మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

చిక్కంతా రంగుతో వచ్చింది. ఏటా వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి నేనే కారు రంగు మెరవడానికి మైనం పట్టించేదాన్ని. నీడలో పెట్టి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో తలుపూ విడిగా మెత్తటి బట్టతో రుద్దితే రోజంతా పట్టేది. రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. రెండు వేసవుల ఎండకు తెలుపు చచ్చిపోయింది. బానెట్ మీద వేలు పెట్టి లాగితే సున్నపు గోడను రాసినట్టు వేలికి అంటుకునేది.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు పిల్ల తండ్రి చూశాడు. మర్యాద తెలిసినవాడు, మెల్లగానే అన్నాడు.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఇలా అయితే ఫొటోల్లో బాగోదండి. పెళ్ళి రోజు పొద్దున్నే చూద్దాం. మెరుస్తుంటే మీ కారే. లేదంటే అద్దెకి ఒకటి చెప్పి ఉంచానండి."

ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వెళ్ళి అడిగాను. మిషనుతో రుద్ది మైనం పట్టించడానికి రెండు రోజులు కారు వదిలి వెళ్ళమన్నారు. పెళ్ళికి ముందు బుధ, గురువారాలు ఖాయం చేసుకున్నాను. అప్పుడు మా మరిది అడ్డుపడ్డారు.

"రెండు రోజులా! ఇటు నా ఫోన్లో చూడండి వదినగారూ. వాడెవడో ఇరవై నిమిషాల్లో కారుని అద్దంలా చేశాడు. షెడ్డూ వద్దు, గిడ్డూ వద్దు. మైనం డబ్బా నేనే తెస్తాను, పనీ నేనే చేస్తాను. మీరు కుర్చీ వేసుకుని ఎలా చెయ్యాలో చెప్పండి చాలు."

చెప్పడమంటే నాకు ఇష్టమని ఆయనకు తెలుసు. షెడ్డు వాళ్ళకు వద్దని చెప్పేశాను. బుధవారం ఆయన పెళ్ళికి కొత్త చెప్పులు కొనుక్కున్నారు. గురువారం అవి బిగుతయ్యాయని మార్చుకొచ్చారు. శుక్రవారం పొద్దున కొబ్బరినూనె.

"మైనం ఏదండీ?" అన్నాను.

"మైనం పాత పద్ధతండీ. ఇదైతే ఇలా రాస్తే అలా నిగనిగ."

"తలకి రాసుకునేది కారుకి రాస్తారా?"

"తల మెరవట్లేదూ?" అన్నారు. నిజమే, ఆయన తల మెరుస్తుంది. జుట్టు లేక.

అంతటితో ఆగలేదు. ముందు లైట్ల పసుపు పోవాలని పళ్ళు తోముకునే పేస్టు పూసి, నా మంగళగిరి తువ్వాలు ఒకటి తీసుకొని రుద్దారు. రెండో తువ్వాలు నూనెకు. నేను వంటింట్లోంచి పాతగుడ్డ తెచ్చేలోగా రెండూ పనికిరాకుండా పోయాయి.

"దుమ్ము పట్టదూ?"

"జారిపోతుందండీ. జిడ్డు మీద దుమ్ము నిలుస్తుందా ఎక్కడైనా?"

పొయ్యి వెనక గోడను జన్మలో తుడవని మగవాడు మాత్రమే అనగల మాట అది. సబ్బు పెట్టి కడిగేద్దామంటే కుళాయి అప్పటికే ఆగిపోయింది. మిద్దె మీద ట్యాంకులో ఉన్నది స్నానాలకే సరి. పైగా, చెప్పకపోతే అబద్ధమవుతుంది, కారు మెరిసింది. వరండా స్తంభాలు తలుపుల్లో కనిపించాయి. నేను పాతగుడ్డ మడిచి మళ్ళీ వంటింట్లోకి తీసుకుపోయాను.

మూడింటికి బయలుదేరాం. కంకిపాడు దాటాక ముందు వరిగడ్డి ట్రాక్టరు ఒకటి తగిలింది. దాన్ని దాటి చూద్దును గదా, బానెట్ నిండా గడ్డి నలుసులు, ఒక్కటీ ఎగిరిపోదు. మరిది పక్కకు ఆపించి జేబురుమాలుతో ఏరారు. "ఇది గడ్డండీ, దుమ్ము కాదు" అన్నారు.

ఉయ్యూరులో మాత్రం ఆయనకు రాజభోగం జరిగింది. సాయంత్రపు ఎండలో కారును చూసి అందరూ చుట్టూ చేరారు. పెళ్ళికూతురు పరుగెత్తుకొచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. "ఏం రాశావు పెద్దమ్మమ్మా, చెయ్యి జారిపోతోంది!" అంటూ అరచెయ్యి వాళ్ళమ్మ కొంగుకు తుడిచింది. వాళ్ళ నాన్న ఫోన్ తీశాడు.

"అత్తయ్యగారూ, అద్దె కారు వద్దని చెప్పేస్తానండి."

"పొద్దున చూసి చెప్తానన్నారు. పొద్దున్నే చూడండి" అన్నాను. అనుకున్న సమయానికి ముందే తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

ఆ ఇంటి వెనక చెరకు తోట. అది చెరకు నరికే కాలమని, నరికాక చేలో మిగిలిన ఎండాకును తగలబెడతారని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, మా మరిదికీ తెలుసు. ఆయన అత్తవారిది, అంటే మా నాన్నగారిది, ఆ పక్క ఊరే. ఆ సాయంత్రం చేను అంటించారు. కాలిన ఆకు నల్లటి పొరలుగా లేచి కప్పుల మీద, పందిరి మీద పడింది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉఫ్‌మంటే ఎగిరిపోయే మసి అది.

శనివారం అయిదున్నరకు లేచి వెళ్ళి చూశాను. పక్కింటి స్కూటరు శుభ్రంగా ఉంది, గాలికే మసి పోయింది. నా కారు ఇడ్లీ పిండిలో ఆవాలు ఒంపినట్టు ఉంది. ఊదాను. కదల్లేదు. వేలితో తీయబోతే కాటుక గీత పడింది.

నీళ్ళు, సబ్బు, మెత్తటి గుడ్డ వెతుకుతూ నేను లోపలికి వెళ్ళాను. అది తప్పలేదు, కానీ అప్పుడే లేచి వచ్చిన మరిదిని కారు దగ్గర ఒంటరిగా వదలకుండా ఉండాల్సింది. తిరిగి వచ్చేసరికి పొడిగుడ్డతో మసిని నూనెలో కలిపి కారంతా పులిమేశారు. తెల్లకారు బూడిదరంగుకు తిరిగింది. అది చూసి కంగారుపడి, వంటవాళ్ళ దగ్గర గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చి, బట్టల సోడాతో బానెట్ తోముతున్నారు.

"ఆపండి!"

"మురికి వదులుతోంది వదినగారూ, చూడండి, కింద నున్నగా వస్తోంది."

కింద వస్తున్నది రంగుకు అడుగున వేసే పూత.

మా చెల్లెలు గుమ్మంలోంచి చూసింది. "మిమ్మల్ని పందిరి దగ్గరే వదలాల్సిందండీ!" అంది.

సబ్బుతో మూడుసార్లు కడిగించాను. పైపైన తెలుపు తేలింది. తలుపుల అంచుల్లో, పిడుల కింద నల్లజిడ్డు అలాగే నిలిచింది. పిల్ల తండ్రి వచ్చి కారు చుట్టూ తిరిగాడు, నా ముఖం చూశాడు, ఫోన్ తీసి అద్దె కారును రమ్మన్నాడు. తొమ్మిదిన్నరకు పెళ్ళికూతురు తెల్ల పట్టుచీరలో, తల మీద ముసుగుతో బయటికి వచ్చింది. రెండు కార్లనూ చూసింది. నేరుగా నా కారు వైపు నడిచింది.

"దానికేమైంది, బానే ఉంది. నేను ఇందులోనే వెళ్తాను. మాట ఇచ్చావు కదా."

తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయింది. నేను అడ్డంగా నిలబడ్డాను. పిడి కింద నా వేలు పెట్టి తీసి చూపించాను.

"చీరకి అంటితే పోదు. ఆ కారు ఎక్కు."

"పెద్దమ్మమ్మా..."

"టైమవుతోంది. ఎక్కు."

ఎక్కింది. నేను వెనక నా కారు నడుపుకుంటూ వెళ్ళాను. పక్కన మా మరిది కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు.  చర్చి మలుపులో అన్నారు: "దూరం నించి చూస్తే బానే ఉందండీ." కేకు ఆయన చేతిలో ఉన్నందుకు ఊరుకున్నాను.

పోయినవి: కొబ్బరినూనె అర లీటరు. టూత్‌పేస్టు ఒకటి. మంగళగిరి తువ్వాళ్ళు రెండు. బానెట్ మీద జానెడు మేర రంగు. ఆటోనగర్‌లో ఖాయం చేసుకున్న రెండు రోజులు. నాలుగో పెళ్ళికూతురు.