అయిదు మార్కుల ఫుమియే

టోక్యోలో కందా పేటలోని ఒక మేడ, నాలుగో అంతస్తులో ఆటల పత్రిక ఆఫీసు. కొత్త వీడియో గేమ్ ఏది వచ్చినా అక్కడ నలుగురు ఆడతారు. ఒకరివి ఒకరికి తెలియకుండా పదికి ఇన్ని అని మార్కులు వేసి, కింద వంద అక్షరాలు మించకుండా తీర్పు రాస్తారు. మినెగిషి ఫుమియే ఆ నలుగురిలో ఒకరు. నలభై ఆరేళ్లు, పందొమ్మిదేళ్ల అనుభవం, ముక్కు మీద కోపం. ఎవరినైనా పొగడాలంటే ఆమెకు సొంత ఆస్తి రాసిచ్చినంత కష్టం.

రెండేళ్ల కిందట ఆమె ఒక కత్తుల ఆటకు అయిదు వేసింది. నల్లకోటు వేసుకున్న ఒక పిల్ల వానలో నెత్తురు చిందిస్తూ నాట్యమాడినట్టు పోరాడే ఆట అది. శత్రువు కత్తి తగలబోయే క్షణంలో పక్కకు తప్పుకోవడంలోనే దాని రుచంతా ఉంది. మిగతా ముగ్గురూ తొమ్మిదేసి వేశారు. "తప్పుకోమంటే తప్పుకోదు. ఈ పిల్లకు చెప్పిన మాట చెవికెక్కదు" అని ఫుమియే రాసింది. పాఠకులు తిడుతూ గుట్టలుగా ఉత్తరాలు రాశారు. ఆమె చలించలేదు.

చలించింది ఆరు నెలల తరవాత, తన ఇంట్లో. పాత డబ్బా టీవీకి తగిలించి ఊరికే ఆడి చూస్తే, మీట నొక్కిన మరుక్షణం ఆ పిల్ల తప్పుకుంది. తను అయిదు వేసిన రోజుల్లోనే ఆఫీసులో పాత టీవీలు తీసేసి పలచటివి పెట్టారు. వాటిలో బొమ్మ రవ్వంత ఆలస్యంగా పడుతుంది. వేరే ఆటల్లో అది తెలియదు కానీ, ఈ ఆటకు అదే ప్రాణాంతకం. మిగతా ముగ్గురూ ఇళ్లలో ఆడారు, ఈవిడ ఒక్కతే ఆఫీసును నమ్ముకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గు, అంతే.

ఇప్పుడు ఆ ఆటకు రెండో భాగం వచ్చింది. ఫుమియే ఇంట్లో డబ్బా టీవీ మీద మూడు రోజులు ఆడింది. ఈసారి తొమ్మిది వేసి పాపం కడిగేసుకుందామని గట్టిగా అనుకుంది. కోటు ఇంకా అందంగా ఉంది, నెత్తురు రెండింతలైంది. కానీ మీట ఎప్పుడు నొక్కినా పిల్ల తప్పుకుంటోంది. గుండె ఒక్కసారి కూడా దడదడలాడలేదు. ఎటు చూసినా ఆరుకు మించి రాదు.

మార్కులు ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే ఆ ఆట దర్శకుడు సాగావా బియ్యపు బిస్కెట్ల పెట్టెతో వచ్చి నడుం వంచి పలకరించాడు. మార్కుల ఊసెత్తకూడదని నియమం. ఆయనా ఎత్తలేదు.

"మినెగిషి గారూ, ఆనాడు మీరు తిట్టింది బుర్రకెక్కించుకున్నామండీ. ఈసారి మా పిల్ల బుద్ధిగా మాట వింటుంది."

"ఏం మార్చారు?"

"మొదటి ఆటలో తప్పుకోవడానికి రెప్పపాటు టైమే ఉండేది. దాన్ని మూడింతలు చేశాం. మావాళ్లంతా వద్దని మొత్తుకున్నారు. మెచ్చుకున్న ముగ్గురి దగ్గర నేర్చుకునేదేముంది, తిట్టినావిడ మాటే వినాలి అన్నాను."

ఫుమియే కూర్చున్నచోటి నుంచి లేచింది.

"సాగావా గారూ, మీ పిల్ల అప్పుడే మాట విన్నది. మా టీవీయే ఆలస్యం చేసింది. నేను చూసుకోకుండా రాశాను. ఏడాదిన్నరగా నాకు తెలుసు, చెప్పలేదు. క్షమించండి."

ఆమె నడుం వంచి అలాగే ఉండిపోయింది. సాగావా బిస్కెట్ల పెట్టెను బల్ల మీద పెట్టేశాడు.

"మావాళ్లు వద్దన్నారండీ" అన్నాడు. "ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

"మీరేం చెప్పొద్దు. నేనే చెబుతాను."

మధ్యాహ్నం ఆమె ఇచ్చిన కాగితం చదివి సంపాదకుడు కుసకాబె తల పట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా, ఆట మీద తీర్పు రాయమంటే నీ మీద రాసుకొచ్చావ్? జనం నవ్వరూ?"

"నవ్వనివ్వండి. అక్షరాలు వంద దాటలేదుగా?"

దాటలేదు. కాబట్టి ఆపడానికి కుసకాబెకి నియమం దొరకలేదు. ఆ వారం పత్రికలో ఆమె పేరు కింద ఇలా పడింది: "మొదటి ఆటకు అయిదు వేసింది నా తప్పు. దానికి తొమ్మిది. నా మాట నమ్మి దీన్ని పాడుచేశారు. దీనికి ఆరు."