గోడ దాకా నడక

1998 ఎండాకాలం. నిజామాబాద్ రోడ్ల మీద తారు కరుగుతుంటే నేను ఉన్ని టోపీల కోసం దుకాణాల చుట్టూ తిరుగుతున్నాను. సైన్యంలో కొండలెక్కడం నేర్పే పని చేసి, రిటైరయ్యాక మా ఊరి కాలేజీ పిల్లలకు అదే నేర్పుతుండేవాణ్ణి. ఆ ఏడు సుజాత, గంగాధర్ అనే ఇద్దరిని హిమాచల్ మంచు కొండలకు తీసుకుపోతున్నాను. అక్కడ చివరి పరీక్ష ఒక నిట్టనిలువు మంచు గోడ. అది ఎక్కితేనే వాళ్ళు కూడా ఈ విద్య నేర్పడానికి అర్హులవుతారు.

సుజాత తల్లి నర్సవ్వ బీడీలు చుడుతుంది. ఆడపిల్లను మంచు కొండల్లోకి పంపడమేమిటని చుట్టాలంతా ఆమెను దులిపేశారు. ఆమె ఎవరి మాటా వినలేదు. నేను తెచ్చిన గోడ ఫొటోను మాత్రం చేటలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"సారూ, గీ గోడ మీద నా బిడ్డను గట్టిగ పట్టుకోవాలె."

"పట్టుకుంటనక్కా. ఎట్ల తీస్కపోతున్ననో గట్లనే తీస్కొస్త."

అందరి కళ్ళూ గోడ మీదే. నాకు గోడ గురించి బెంగ లేదు. సిరికొండ వైపు బండల మీద ఇద్దరూ ఉడుతల్లా ఎక్కేవాళ్ళు. నా తలనొప్పంతా గోడ దాకా నడవాల్సిన చదును గురించే. ఆ చదును గ్లేసియర్, అంటే ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మంచు నది. దాంట్లో క్రెవాస్‌లనే లోతైన చీలికలుంటాయి. పైన కొత్త మంచు కప్పేస్తే అవి కంటికి ఆనవు. అందుకే ముగ్గురూ ఒకే తాడు నడుముకు కట్టుకుని, దూరం దూరంగా, తాడు వదులు కాకుండా నడవాలి. అప్పుడే ఒకరు పడితే మిగతా ఇద్దరు ఆపగలరు.

చెప్పడానికి ఇంతే. మనవాళ్ళతో చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పొలం గట్ల మీద పెరిగినవాళ్ళం, ముందువాళ్ళ మడమలు తొక్కుతూ ముచ్చట పెట్టుకుంటూ నడవడమే మనకు తెలుసు. ఆ అలవాటు మాన్పించడానికి అంతకుముందు చలికాలమంతా బోధన్ దగ్గర చెరుకు తోటల గట్ల మీదే వాళ్ళను తాడుతో నడిపించాను. ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండ్లవాళ్ళకు మేము రోజూ వినోదం.

"ఏంది సారూ, పిల్లలు పారిపోతరని తాడు గట్టినవా?" అని ఒకాయన బండి ఆపి మరీ అడిగాడు.

"నువ్వు ఎడ్లకు గట్టలే? గట్లనే," అన్నాను. గంగాధర్ సిగ్గుతో చచ్చిపోయాడు.

పరీక్ష రోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. ముందు నేను, నడుమ సుజాత, వెనక గంగాధర్. గోడ ఎదురుగా నీలంగా మెరుస్తోంది. అది కనపడగానే గంగాధర్‌కు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. మిగిలిన తాడు చేతికి చుట్టుకుంటూ సుజాత పక్కకు వచ్చి ముచ్చట మొదలుపెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గంగాధర్! బోధన్ గట్టు మీదున్న అనుకుంటున్నవా? ఎన్కకు పో!"

"ఒక్క నిమిషం సార్..."

"పోతవా, లేకుంటే ఇంటికి మల్లుదామా?"

మూతి ముడుచుకుని వెనక్కి పోయాడు. తాడు మళ్ళీ బిగుసుకుంది. నేను కర్రతో పొడిచి చూసి దాటిన చోటే, నా అడుగులో అడుగేసిన సుజాత కింద మంచు కూలింది. అరుపు కూడా వినపడలేదు. నడుము దగ్గర తాడు గుంజేసరికి నేను బోర్లాపడి, చేతిలోని ఐస్ యాక్స్‌ను, అంటే మంచు గొడ్డలిని, ఉన్న బలమంతా పెట్టి దిగ్గొట్టాను. అవతల గంగాధర్ కూడా అదే చేశాడు. తాడు ఆగింది. నాకు నర్సవ్వ ముఖం కళ్ళ ముందు కదిలింది. అంత భయం సైన్యంలో కూడా ఎరగను.

"సుజాతా!"

"ఉన్న సార్... కాళ్ళ కింద ఏం లేదు."

"కిందికి సూడకు. మేం గుంజుతున్నం."

గంగాధర్ కదలకుండా బరువు ఆపుతుంటే, నేను మంచులో పొడవాటి మేకు దిగ్గొట్టి తాడు దానికి కట్టాను. తర్వాత ఇద్దరం కలిసి పైకి లాగాం. బయటపడ్డ పిల్లకు జుట్టు నిండా మంచు, పెదవులు నీలం. ఊపిరి అందగానే అన్న మొదటి మాట, "నడువుండ్రి సార్, గోడెక్కుదాం."

అప్పటికే గోడ పైభాగాన ఎండ పడింది. ఎండ తగిలితే మంచు పెళ్ళలు ఊడి కిందివాళ్ళ మీద పడతాయి. ఇయ్యాల కాదన్నాను. ఏడ్చింది, బతిమాలింది, ఆనక నాతో మాట్లాడడం మానేసింది. నేను మెత్తబడలేదు.

మర్నాడు ఇంకా ముందే బయల్దేరి, ఆ చీలికను దూరంగా చుట్టుకుని పోయాం. గంగాధర్‌కు ఒక్కసారి కూడా చెప్పాల్సిన పని పడలేదు. సుజాత బూట్లకు కట్టిన ఇనుప ముళ్ళు గోడలో దించుతూ, రెండు గొడ్డళ్ళూ మార్చి మార్చి కొడుతూ పైకి వచ్చేసింది. పైన తాడు పట్టుకున్న నాకు పనే పెట్టలేదు. ఆమె వెనకే గంగాధర్ కూడా ఎక్కేశాడు.

నిజామాబాద్ స్టేషన్లో నర్సవ్వ కూతురిని తడిమి తడిమి చూసుకుని నా వైపు తిరిగింది.

"గోడ మీద పట్టుకున్నరా సారూ?"

నేను నోరు తెరిచేలోపే సుజాత అందుకుంది. "గోడ మీద నేనే పట్టుకున్ననవ్వా. చదునుల వీళ్ళిద్దరు పట్టుకున్నరు."

గోడ ముందు ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటారు. చదును మీద మనసు వదులవుతుంది, తాడూ వదులవుతుంది. ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు గట్ల మీద నడిపించాకే గోడ మాట ఎత్తనిచ్చాను. ఇప్పుడు ఆ గట్ల మీద పిల్లలను సుజాత నడిపిస్తోంది. వెనకున్నవాడు ముచ్చటకని దగ్గరికొస్తే ఆమె అరిచే అరుపుకు చెరుకు బండ్లు ఆగుతాయి.