నడిమి అర్రలో ప్లగ్గు

కోరుట్ల బస్టాండు వెనక సామేలు కంప్యూటర్ రిపేరు దుకాణం, దాన్ని ఆనుకుని నా జిరాక్సు దుకాణం. పన్నెండేళ్లుగా చూస్తున్నాను, అతని చేతిలో పడ్డాక బతకని డబ్బా తక్కువ. ర్యాము తీసి రబ్బరుతో రుద్దుతాడు, ఫ్యాన్ల దుమ్ము ఊదుతాడు. కానీ ముందు అడిగేది మాత్రం ఒకటే: "ప్లగ్గు ఏ బోర్డుల పెట్టిన్రు?"

మేడిపల్లి దగ్గరి అతని సొంతూరు నుంచి మొన్న ఫోనొచ్చింది. పాత దొరల ఇంట్లో సులోచనమ్మ గారి కంప్యూటర్ ఆన్ కావడం లేదట. తనకొచ్చిన బతుకమ్మ పాటలన్నీ ఆవిడ అందులోనే టైపు చేసింది. సాయంత్రంలోగా జగిత్యాల ప్రెస్సుకు పంపకపోతే ఈ ఏడు పండుగకు పుస్తకం రాదు.

"నువ్వు గూడ రారాదే" అన్నాడు సామేలు. ఎందుకో నాకు తెలుసు. అతని వాడకట్టు వాళ్లు తరతరాలుగా ఆ ఇంటికి పని చేశారు, అరుగు దాకానే. ఇప్పుడు ఎవరూ పొమ్మనరు. అలాగని రమ్మనరు కూడా.

"వాళ్లు పిలిస్తేనే లోపటికి పోత. నేనైతే అడుగ" అన్నాడు బండి మీద.

మేం వెళ్లేసరికి అరుగు మీద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. సులోచనమ్మ కొడుకు రఘు సీపీయూనూ మానిటరునూ మోసుకొచ్చి మా ముందు పెట్టాడు. అరుగు మీది బోర్డుకు తగిలించి సామేలు బటన్ నొక్కాడు. శుభ్రంగా ఆన్ అయింది. రఘు సంబరంగా లోపలికి మోసుకెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"లోపట పెడితే సప్పుడే లేదు."

మళ్లీ బయటికి. మళ్లీ ఆన్. సామేలు వైరు మార్చి ఇచ్చాడు. మళ్లీ లోపలికి. మూడోసారికి రఘు చొక్కా తడిసి ముద్దయింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఒక మనిషిని గడప దాటించడం కంటే ఇనుప డబ్బా మోయడమే తేలికనిపించింది కాబోలు ఆ ఇంటికి.

"లోపట ప్లగ్గుల కరెంటు ఉన్నదా సార్?" అన్నాడు సామేలు.

"ఉన్నది. ఫోను పెడితే చార్జింగ్ ఎక్కుతున్నది."

"ఫోనుకు జరంత సాలు. దీనికి సాలది. స్క్రూ లూజున్నట్టున్నది."

"లోపట ఉన్న ప్లగ్గే అదొక్కటి, నడిమి అర్రల. నెట్టు వైరు గూడ ఆడికే ఉన్నది. కరెంటాయన్ను పిలువాల్నా?"

"పిలువున్రి. రేపో ఎల్లుండో అస్తడు." స్క్రూడ్రైవరు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు సామేలు. "డబ్బా మంచిగనే ఉన్నది. నా పని అయిపోయింది."

అతను లేచాడు. ఆ క్షణాన నాకు భయం వేసింది. బండెక్కితే మళ్లీ ఆ ఇంటి మొహం చూడడని తెలుసు.

దర్వాజ పక్కన నిలబడి సులోచనమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడ ముఖం ఎర్రబడింది, కోపమో సిగ్గో. కొంగు సర్దుకుని దారి వదిలి పక్కకు జరిగింది.

"లోపటికి రా సామేలూ. ఇంత పెద్దదాన్ని, నాకు ముందుగల్లనే తోచకపాయె."

సామేలు చెప్పులు విప్పి నడిమి గదిలోకి నడిచాడు. వెనకే నేను. ప్లగ్గు విప్పితే స్క్రూ నల్లగా మాడి ఉంది. గీకి బిగించాడు. బటన్ నొక్కగానే తెర వెలిగింది. చాయ్ తాగి వెళ్లమని ఆవిడ అంటే కాదనలేదు, అక్కడే కూర్చుని తాగాడు.

వచ్చేటప్పుడు సామేలు వాళ్ల ఇంటి ముందు ఆగాం. అతని తల్లి బాలమ్మ చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముప్పై ఏళ్లు దొరల ఇంటి వాకిలి ఊడ్చిన మనిషి. కబురు అప్పటికే చేరినట్టుంది. కంప్యూటర్ సంగతి అడగలేదు.

"లోపట ఎట్లున్నది కొడుకా?"

సామేలు ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమున్నదే అమ్మా. గోడలకు చెమ్మ పట్టింది. సున్నం రాలుతున్నది."

బాలమ్మ చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది.

"గంతేనా" అంది.