ఖాళీ సీటుతో పంపని బండి

ఎదురింటి భాయ్ పోయారని నెల్లూరు నుంచి భాభీ ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో పప్పు ఎనుపుతున్నాను. సెలవు మీద ఊరెళ్ళిన మనిషి, భోంచేసి నడుం వాల్చి మళ్ళీ లేవలేదట. ఏడుస్తూనే ఆవిడ, "చెల్లెమ్మా, బండి ఎండలో ఉండాదా, నీడలో ఉండాదా?" అని అడిగింది. అది రోజూ భాయ్ ఊరి నుంచి ఫోన్లో అడిగే ప్రశ్న.

షార్జా పక్కనే అల్ కుసైస్‌లో మా బిల్డింగు కింద ఉండే ఆ బండి, యాభైల నాటి అమెరికా కారు. భాయ్ పాత ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, దేశం వదిలిపోతూ ఈయనకు అంటగట్టాడు. లోపల సీట్లు సోఫాల్లా ఉండేవి, వెనక రెండు తోకలు లేచి ఉండేవి. దాని పాత ప్రకటన బొమ్మ ఒకటి భాయ్ హాల్లో పటం కట్టించి పెట్టుకున్నారు. అందులో టోపీ పెట్టుకున్న దొర, చేతులకు గ్లౌజులతో దొరసాని, పక్కన ఈ కారు.

"ఆ గ్లౌజులు ఎందుకనుకున్నావమ్మా? తొయ్యడానికే! ఆగిన బండిని ఎత్తుకుపోయే రికవరీవాణ్ణి మాత్రం బొమ్మలో దాచేశారు" అనేవారు.

మేమూ తోశాం. శుక్రవారం రెండిళ్ళ వాళ్ళం కలిసి షికారంటే నేను ముందుగానే గొడుగులు, మజ్జిగ, పులిహోర సర్దేదాన్ని. ఎక్కడికి వెళ్తున్నామన్నది కాదు, ఎక్కడ ఆగిపోతామన్నదే లెక్క. రికవరీ బండి వచ్చాక భాయ్ మాత్రం కారు దిగేవారు కాదు. "స్టీరింగు దగ్గర మనిషి లేకుండా పంపితే శవాన్ని పంపినట్టుంటాది" అనేవారు. ట్రక్కు మీద కారు, కారులో భాయ్. పెళ్ళికొడుకు ఊరేగినట్టే ఉండేది.

అప్పట్లో నేను కారు ముట్టడం మానేశాను. ఎన్నోసార్లు తప్పి తెచ్చుకున్న లైసెన్సు, కొత్తలోనే వెళ్ళి మునిసిపాలిటీ చెత్తడబ్బాను గుద్దాను. డబ్బాకు ఏమీ కాలేదు, నాకే స్టీరింగంటే భయం పట్టుకుంది. మా ఆయనది సముద్రంలో చమురు దీవి మీద ఉద్యోగం, పక్షానికోసారి వచ్చేవారు. మా అమ్మాయికి ఉబ్బసం. దానికి ఎగశ్వాస వచ్చినప్పుడల్లా పిల్లను పట్టుకుని టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడేదాన్ని. నా కారు దుమ్ము పట్టి కిందే ఉండేది. భాయ్ అది చూస్తూనే ఉన్నారు.

ఒక శుక్రవారం ఆయన బండి గోదాముల దగ్గర ఆగిపోయింది. వచ్చిన రికవరీ ట్రక్కు మీదకు లాగే గొలుసు పాడైందట, బండికి తాడు కట్టి రోడ్డు మీదే ఈడ్చుకెళ్తానన్నాడు పఠాన్ డ్రైవరు. భాయ్ భుజం పట్టుకుని మూలిగారు.

"నాకు భుజం పట్టేసింది. నువ్వు కూచోమ్మా."

"నేనా! అన్నయ్యా, నా సంగతి తెలిసీ..."

"ఇంజినే ఆడదు గదా, ఇది నిన్నేం చేస్తాది? ముందు బండి ఆగితే బ్రేకు మెల్లగా తొక్కు. యల్లా, పద!"

బయల్దేరాం. ఆ స్టీరింగు తిప్పడం రుబ్బురోలు తిప్పినట్టే ఉంది. మలుపు తిరగగానే ఎదురుగా చెత్తడబ్బా. మెల్లగా అన్న మాట మరిచి రెండు కాళ్ళతో తొక్కేశాను. తాడు ఫట్‌మంది. పఠాన్ ఉత్త తాడును లాక్కుంటూ, చెయ్యి ఊపుకుంటూ రౌండెబౌట్ దాకా వెళ్ళిపోయాడు. మా బండి డబ్బాకు జానెడు దూరంలో ఆగింది.

వెనక సీట్లో భాభీ చావు ముందర చదివే కలిమా చదువుతోంది. భాయ్ నా పక్క సీట్లోంచి కిందికి దిగి, డబ్బాను తట్టి, "ఖలాస్! బతికిపోయింది" అన్నారు. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. నవ్వు ఆగాక చూసుకుంటే నా చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం భాయ్ నిండు గ్యాస్ సిలిండరును, పట్టేసిన ఆ భుజం మీదే పెట్టుకుని మెట్లెక్కుతూ కనిపించారు. నన్ను చూసి భుజం మార్చుకున్నారు. మర్నాడు నేను నా కారు తుడిచి తాళం తిప్పాను. ఆ తర్వాత అమ్మాయిని టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు.

పోయిన వారం బండిని షార్జాలో ఒకరు కొన్నారు. తాళం నా దగ్గరే ఉంది. "ఖాళీ సీటుతో పంపమాకు చెల్లెమ్మా" అని భాభీ మళ్ళీ ఫోన్ చేసింది. రికవరీ డ్రైవరుకు చెబితే నవ్వాడు. "కోయీ నహీ బైఠ్తా మేడమ్, మనా హై" అన్నాడు. ట్రక్కు మీది కారులో ఎవరూ కూర్చోకూడదని ఎక్కనివ్వలేదు.

నేను నా కారు తీసి వెనకే వెళ్ళాను. బండిని తోకల వైపు నుంచి ఎక్కించాడు కాబట్టి దారంతా అది నా వైపే చూసింది. డ్రైవరు చెయ్యి బయటపెట్టి దాటి పొమ్మన్నాడు, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. నేను దాటలేదు. అద్దం వెనక స్టీరింగు పై అంచు కనిపిస్తోంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా అది కాస్త అటూ ఇటూ కదులుతోంది.