నల్లమల జంతువులకు కళ్లు

సౌజన్యది నంద్యాల. అక్కడ పిల్లల పుట్టినరోజంటే ఒక్క ఫోన్ చేస్తే చాలు, బెలూన్ల తోరణం, బొమ్మల పరదా అన్నీ ఆటోలో వచ్చి వాలతాయి. ఆళ్లగడ్డలో శిల్పుల ఇంటికి కోడలై వచ్చిన ఈ పిల్ల మాత్రం, కూతురు అక్షయ మొదటి పుట్టినరోజుకు నల్లమల అడవినే ఇంట్లోకి తెస్తానని పట్టుబట్టింది. అదీ తన చేతులతోనే. మొండిఘటమని భర్త సందీప్ ఊరికే అనడు.

రెండు నెలలు పాత పేపర్లు నానబెట్టింది, మెంతులు కలిపి రుబ్బింది, ఆ గుజ్జుతో జంతువుల బొమ్మలు చేసింది. ఇల్లంతా మెంతుల వాసన. పిల్ల నిద్రపోయిన ప్రతి గంటా ఈ కాగితపు అడవికే పోయింది. పులి మీసాలకు చీపురు పుల్లలు, ఎలుగుబంటి ఒంటికి కొబ్బరి పీచు, దుప్పి చుక్కలకు బియ్యపు గింజలు. వాటి పక్కన ఒక నెమలి, ఒక కోతి. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అన్నీ ఉన్నాయి, కళ్లే లేవు. కళ్ల చోట తెల్లరంగు పూసి వదిలేసింది.

కావాలనే వదిలేసింది. ఆ ఇంట్లో ఏ విగ్రహానికైనా కన్ను ఆఖరున తెరుస్తారు, అదీ ఇంటి పెద్ద చేత్తోనే. ఆ పెద్ద ఆమె మామ సుబ్బయ్య. చేతుల వణుకు వచ్చి ఏడాదిగా ఉలి ముట్టలేదు. పెరట్లో పని షెడ్డు వైపు పోవడమే మానేశాడు. నలభై ఏళ్లు రాయి చెక్కిన మనిషి వసారాలో గోడ చూస్తూ కూర్చోవడం సౌజన్య చూడలేకపోయింది. పుట్టినరోజు వంకతో ఆయన్ను మళ్లీ పనిలోకి లాగాలని ఆమె ఎత్తు వేసింది.

"మామా, కండ్లు మీరే పెట్టాల," అని వారం ముందే అడిగింది.

"నా చెయ్యి అదురుతాంది. సందీప్‌ను అడుగు," అని ఆయన లేచిపోయాడు.

పుట్టినరోజు పొద్దున నంద్యాల నుంచి అక్క సుప్రజ దిగింది. జంతువులను చూసి మురిసిపోయింది, అంతలోనే నొసలు చిట్లించింది.

"ఏందీ, ఇంత చేసి కండ్లు మర్చిపోయినావా? జనం వస్తాండారు, ఉండు నేను పెడతా," అంటూ స్కెచ్ పెన్ను మూత తీసి పులి ముందు కూర్చుంది.

సౌజన్య నోరు తెరిచేలోపే వసారాలోంచి కేక వినబడింది.

"ఆపు పాపా! కన్ను అట్ల గీకుతారా ఎవురైనా?"

సుబ్బయ్య లోపలికొచ్చాడు. కాటుక డబ్బీ తెమ్మన్నాడు. వేలు ముంచి ఎత్తాడు. పులి ముఖం దాకా పోయిన చెయ్యి గడగడ వణికింది. ఆయన ముఖం వాడిపోయింది, చెయ్యి దించేసుకోబోయాడు.

సౌజన్య అక్షయను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల కాటుక డబ్బీ మీద పడి వేళ్లన్నీ నల్లగా చేసుకుని గాలిలో ఆడించింది.

"ఓసి నీ! నీది నాకన్నా అదురుతాందే!" అని సుబ్బయ్య నవ్వాడు. ఏడాదికి మళ్లీ ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడింది.

మనవరాలి వేలు పట్టుకుని పులి కంటి మీద ఆనించాడు. అందులో వణికేది ఎవరి చెయ్యో ఎవరికీ తెలియలేదు. పులికి కాస్త మెల్లకన్ను వచ్చింది. ఎలుగుబంటి అప్పుడే నిద్రలేచినట్టుంది. సుప్రజ పెన్నుకు మూత పెట్టేసింది. సౌజన్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆఖరున కోతికి ఒక కన్ను పెట్టేసరికి పిల్ల తాత ఒళ్లోనే నిద్రపోయింది.

"ఇంగొకటి ఉండాది, మామా," అంది సౌజన్య మెల్లగా.

సుబ్బయ్య నల్లబడ్డ తన వేలు చూసుకున్నాడు.

"ఈపొద్దుకు ఒంటికన్నుతోనే ఉండనీ. అందరూ పోయినాక దాన్ని షెడ్డులో నా పీట పక్కన పెట్టు. రేపు పొద్దున్నే ఈ పిల్లను ఎత్తుకోని ఆడికి నేనే వస్తా."