బీరపాదుకెక్కిన వాలీబాల్ నెట్టు

“కూడికకి పిల్లలొస్తున్నారా, రత్నం?” అన్నారు మా ఆయన, ఆసుపత్రి మంచం మీద నుంచి.

“మందిరం పట్టట్లేదండి.”

“అయితే నీ పద్ధతే మంచిది,” అని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ మాట్లాడలేదు.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. అందులో నాది పచ్చి అబద్ధం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క వాదన గెలిచాను, అదీ దొంగగా. ఎంత కొంప ముంచానో చెప్తాను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే రావట్లేదు.

ఆయన రావులపాలెం దగ్గర చిన్న మందిరానికి పాస్టరు. ఆదివారం సాయంత్రం యవ్వనస్తుల కూడిక. ఏం కూడిక? రెండు గంటలు వాలీబాల్, చెమట ఆరేదాకా మజ్జిగ, పది నిమిషాలు వాక్యం.

“గెంతితే భక్తి వస్తుందాండీ?” అనేదాన్ని.

“ముందు గుమ్మం దాకా రానీవే,” అనేవారు.

ఆయన్ని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాక, మా మేనకోడలు సుజాత, నేను చెప్తుంటే ఇప్పుడిది రాస్తున్న పిల్లే, ఆయన దగ్గరుండేది. ఆదివారాలు నేనింటికొచ్చి కూడిక జరిపేదాన్ని. ముందు నెట్టు విప్పేశాను. పిల్లలకి పొద్దుట్నుంచి ఉపవాసం, ఉన్నవాటిలో అతి పొడుగాటి కీర్తన కంఠతా. ఆకలికి వాళ్ళ మొహాలు ఎండు మెత్తళ్ళ చేపల్లా పీక్కుపోతే, భక్తి ముదిరిందనుకుని మురిసిపోయాను.

మొదటి వారం పద్దెనిమిది మంది. తర్వాత ఏడుగురు. మూడో వారం ఒక్కతే, పదో తరగతి మేరీ.

“కీర్తన అప్పచెప్పు,” అన్నాను.

“అందుకు రాలేదండి అమ్మగారూ. నెట్టు కావాలండి.”

“నెట్టా? బీరపాదుకి కట్టేశాను కదే!”

“కాయలు కాశాయాండి?”

“ఇంకా లేదు.”

“అయితే విప్పొచ్చు కదండి?”

“పాదు చచ్చిపోద్ది, వెళ్ళు!” అని తలుపేశాను. మర్నాడు ఆసుపత్రికెళ్ళి ఆయనకా అబద్ధం చెప్పాను.

సమాధి రోజున పద్దెనిమిది మందీ వచ్చారు. గొయ్యి తవ్వింది వాళ్ళే.

“ఇన్ని వారాలూ ఎక్కడ చచ్చార్రా?” అన్నాను ఏడుస్తూనే.

“కాలవ గట్టునండి,” అంది మేరీ. “చేపల వల కట్టుకుని ఆడామండి. ఆట అయ్యాక అయ్యగారి కోసం ప్రార్థన చేశామండి. చెప్తే మళ్ళీ ఉపవాసం పెడతారని మీకు చెప్పలేదండి.”

చూశారా? ఆయన కూడిక ఆగనే లేదు. ఆగింది నాదే. ఆ ముక్క తెలిస్తే ఆ మనిషి నవ్వుకుంటూ పోయేవాడు.

కాబట్టి సంఘమంతా వినండి. నా ఒంట్లో ఊపిరున్నంత కాలం, ఖాళీ కడుపుతో నిలబడ్డ పిల్లల్ని కీర్తన అప్పచెప్పమనను. ఆమెన్.

సుజాతా, ముక్కు చీదింది చాలు. మొదట్నుంచి ఓసారి చదివి వినిపించమ్మా.