మా పాప ఏ గదిలో కూర్చోవాలి?

నాకు తేళ్ళంటే భయం లేదు. వాన రాని సంవత్సరాలంటే భయపడీ భయపడీ ఆ భయం అరిగిపోయింది. కానీ మొన్న ఊరి బడిలో జరిగిన తల్లిదండ్రుల మీటింగులో కొత్తది ఒకటి పట్టుకుంది. ఏడో తరగతి చదివే నా కూతుర్ని స్నేహితుల మధ్య నుంచి లేపి వేరే గదికి పంపుతారేమోనని భయం.

మేము దూదేకులవాళ్ళం. బెళుగుప్ప దగ్గర పల్లె మాది, ఊళ్ళో మా ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా అమ్మ బొట్టు పెట్టుకునేది, నేనూ పెట్టుకుంటాను. మా నాయనకు నమాజు సగమే వచ్చు, ఆ సగమూ సరిగ్గా వచ్చని నేను ఒట్టు వేయలేను. అయినా పీర్ల పండుగ వస్తే చావిడి తలుపు తీసేది ఆయనే. పీర్లను కడిగి, రంగు గుడ్డలు కట్టి, ఊరంతా తెచ్చిన చక్కెరను పీర్ల ముందు పెట్టి ఫాతిహా చదివించేది ఆయనే. మొదటి పీరును ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ తిరిగేది మాత్రం ఊరి పెద్దరైతు. అది వాళ్ళ తాతల నాటి మొక్కు. పండుగ అయ్యేదాకా ఆ ఇంట్లో మాంసం ఉడకదు. ఆయనా మా నాయనా కలిసి గొర్రెలు కాసి పెరిగారు. ఆయన్ను నేను చిన్నాయనా అని పిలుస్తాను.

మీటింగులో ఆ మాట ఎత్తింది ఆ చిన్నాయనే. ముక్కూమొహం తెలియనివాడు అనుంటే అక్కడికక్కడే దులిపేసేదాన్ని. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషిని ఏమనాలి?

బడికి నీళ్ళ ట్యాంకు కట్టించింది ఆయనే కాబట్టి ముందు కుర్చీ ఆయనదే. "పిల్లోళ్ళు ఫోన్లు పట్టుకోని చెడిపోతాండారు. పెద్దా చిన్నా లేదు. వారానికి ఒక గంట మతం చెప్పిస్తే బుద్ధి వస్తాది. భగవద్గీత చెప్పే అయ్యవారిని నేను పిల్చుకొస్తా," అన్నాడు. తల్లులు చాలామంది తలలూపారు. నిజం చెప్పాలంటే ఫోన్ల మాట వరకు నేనూ ఊపాను.

సైన్సు చెప్పే టీచరమ్మ లేచింది. "మతం ఇంట్లో చెప్పుకోండి సార్, ఎవరు వద్దంటారు? ఇది సర్కారు బడి. ఈడికి అందరి పిల్లోళ్ళూ వస్తారు," అంది. ఆమెది కిందటేడే వచ్చిన ఉద్యోగం, అయినా అనేసింది. హెడ్మాస్టరు పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో గొణిగి గడియారం చూసుకున్నాడు.

చిన్నాయన నా వైపు తిరిగి నవ్వాడు. "అందరి పిల్లోళ్ళనీ నేను మర్చిపోతానామ్మా? మీవాళ్ళకు అన్యాయం చేయను. అనంతపురం నుంచి మౌల్వీని పిలిపిస్తా, ఖర్చు నాది. మీ పిల్లోళ్ళు పక్కగదిలో కూర్చుంటారు."

మీవాళ్ళు. ఆ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆయన ప్రేమగానే అన్నాడు, అందుకే మరీ భయమేసింది.

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. గీత చెప్పే గదిలో నా కూతురు చుట్టపుచూపుకు వచ్చిన పిల్ల. మౌల్వీ గదిలో దాని బొట్టు తప్పు, దాని తాత చదివించే చక్కెర తప్పు, పీర్లకు కట్టే గుడ్డలు తప్పు. పట్నంలో చదువుకొచ్చిన మా బంధువు ఒకడు ఆ ముక్క మా నాయన మొహం మీదే అన్నాడు. ఆ ఏడు పీర్లను కడుగుతుంటే నాయన చేతులు తడబడడం నేను చూశాను. ముసలాయన్నే అంత కుదిపితే పన్నెండేళ్ళ పిల్ల ఏమైపోతుంది?

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అవ్వ నాకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. లేచాను. "చిన్నాయనా, మొదటి పీరు ఎత్తుకునేది నువ్వే కదా. నిన్ను ఏ గదిలో కూర్చోబెట్టాల?" అన్నాను.

అందరూ నవ్వారు, ఆయన అందరికంటే గట్టిగా. "అదీ ఇదీ ఒకటేనామ్మా? పీర్లంటే మతం కాదు, అది మన ఊరిది," అన్నాడు. నా బతుకంతా, మా నాయన బతుకంతా ఆ ఊరిదే. అది ఏ గదిలోనూ పట్టదని ఆయనకు తట్టనే లేదు.

అప్పుడు వెనక నిలబడ్డ కుర్రవాళ్ళలో ఒకడు, "అందరికీ సరిపోయింది ఈయమ్మకు ఒకదానికే సరిపోలేదా?" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. చిన్నాయన "గమ్మునుండప్పా" అని వాణ్ని కసిరాడు గానీ నేను కూర్చున్నాను. వచ్చే మీటింగులో చేతులెత్తించి తేలుద్దామని హెడ్మాస్టరు ముగించాడు. ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

ఇంటికొచ్చి నాయనకు చెబితే, "ఆయప్ప చెడు తలపెట్టేవాడు కాదులే," అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఆయప్పతో గొడవ పెట్టుకోవద్దు మ్మా. రేపు పీరు ఎత్తుకోనంటే చావిడికి ఎవరొస్తారు?" అన్నాడు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నాకొక్కదానికే భయమనుకున్నాను.

సోమవారం సాయంత్రం బడి పక్కన నీళ్ళకు వరుస నంబరు రాయించుకునే పంపు దగ్గర టీచరమ్మ కనిపించి, మీ పాప ఎందుకో వెనక బెంచీకి మారింది, అక్కణ్ణుంచి బోర్డు కనబడుతోందా అని అడిగింది. మా పాప ఒకటో తరగతి నుంచీ ముందు వరుసలోనే, అదే ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్యనే కూర్చుంటుంది. ఇంటికి పోయేసరికి గడప మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను.

"ఎవురూ ఏమీ అన్లేదు మా," అంది, కాయల మీంచి తలెత్తకుండా. "వాకిలి పక్కన బెంచీ అది. పక్కగదికి పొమ్మన్నప్పుడు ఆడ్నించయితే ఎవురూ చూడకముందే పోవచ్చు."